హన్నమ్మ చెప్పింది

మాచర్ల,
జూలై 1983.

నాగరత్నానికి,

నిన్ను, మీ తమ్ముణ్ణి రైలెక్కించి ఇంటికి వచ్చి తాళం తీశాను. ఇల్లు నన్ను చూసి ఎవరు నువ్వు అన్నట్టుంది. పొద్దున నువ్వు కాచి పెట్టిన పాలగిన్నె పొయ్యి మీద అట్లాగే ఉంది. దాన్ని కడగబుద్ధి కాలేదు. పాలు విరిగిపోయిన తర్వాత కడిగాను. ఇంట్లో మాట్లాడే మనిషి లేక పిండిమరతో మాట్లాడుతున్నాను. బెల్టు తిరిగినంతసేపు అది బాగానే వింటుంది.

యాభై ఎనిమిదేళ్ళ వాణ్ణి, తండ్రిని కాబోతున్నాను. ఈ సంగతి లోపల దాచుకోవడం నా వల్ల కావడం లేదు. పిండి పట్టించుకోవడానికి వచ్చిన ప్రతి ఆమెకూ చెబుతున్నాను. అడగని వాళ్ళకు రెండుసార్లు చెబుతున్నాను. నిన్న ఒకామె జొన్నలు పోస్తూ, "ముసలాడికి దసరా పండగ అంటే ఇదేనమ్మా" అని పక్కామెతో అంది. నాకు కోపం రాలేదు. అవునమ్మా, దసరాకే పుడుతుంది అన్నాను. ఆమె పిండి తీసుకుని నవ్వుకుంటూ పోయింది.

అత్తయ్య చెప్పిన నిష్ఠలన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. గడ్డం గీయించుకోవడం లేదు, జుట్టు కత్తిరించుకోవడం లేదు. కొబ్బరికాయ కూడా ఎవరి చేతనో కొట్టిస్తున్నాను. ఊరి పొలిమేర దాటడం లేదు. శవం ఎదురొస్తుందంటే పక్క సందులోకి తప్పుకుంటున్నాను. గడ్డం నిండా పిండి పడి సగం తెలుపు, సగం ఇంకా తెలుపుగా తయారయింది. మన మర పక్కన సైకిలు షాపు జహంగీరు చూసి, "ఏంది కోటయ్య మామా, ఇంకో వారం ఆగితే నీ దగ్గరికి తాయెత్తులు కట్టించుకోను వస్తారు జనం" అన్నాడు.

భోజనం సంగతి నువ్వు దిగులు పడకు. పక్కింటి హన్నమ్మక్క పెడుతోంది. ఆసుపత్రిలో ఆయా పనికి రిటైరయింది గానీ ఆమె నోరు రిటైరు కాలేదు. బిడ్డకు నీళ్ళు పొయ్యడం నేర్పమని అడిగాను. కాళ్ళు బారజాపి కూర్చోమని, ఒక సొరకాయ తెచ్చి నా కాళ్ళ మీద పడుకోబెట్టింది. "తల కింద చెయ్యి పెట్టరా. అది పిండిబస్తా కాదు కోటయ్యా, మెడ నిలవదు దానికి" అని అరిచింది. చెంబుతో నీళ్ళు పోశాను. సొరకాయ జారి తూము దగ్గరికి పోయింది. "పోయిందిరా నీ బిడ్డ, పట్టుకో" అని పడీపడీ నవ్వింది. మళ్ళీ పోశాను. మూడోసారికి జారలేదు. సాయంత్రం ఆ సొరకాయనే పులుసు పెట్టి తెచ్చింది. నాకు గొంతు దిగలేదు నాగరత్నం. పచ్చడి వేసుకుని తిన్నాను.

బిడ్డ జాగ్రత్త.

బాలకోటయ్య

~

ముప్పాళ్ళ,
జూలై 1983.

ఏమండీ,

మీ ఉత్తరం తమ్ముడు తెచ్చి ఇచ్చాడు. హైస్కూలు గుమాస్తా కదా, పోస్టుమాన్ మన ఉత్తరాలు ముందు రామబ్రహ్మం చేతికే ఇస్తున్నాడు.

సొరకాయ సంగతి చదివి నవ్వాను. తర్వాత భయం వేసింది. నవ్వితే కూడా దిష్టి తగులుతుందేమో అనిపిస్తోంది నాకు.

మీరు అందరికీ చెప్పకండి. ఇదివరకు మూడుసార్లూ చెప్పాము. మూడుసార్లూ వాళ్ళే వచ్చి ఏమైందమ్మా అని అడిగారు. వాళ్ళకు జవాబు చెప్పింది నేను. మీరు మరలో ఉన్నారు. తప్పు పట్టడం లేదు, గుర్తు చేస్తున్నాను.

ఇక్కడ అందరూ బాగానే చూస్తున్నారు. అమ్మ పక్క మీద నుంచి దిగనివ్వదు. పెరట్లోకి పోయినా వెనకే వస్తుంది. ముప్పై తొమ్మిదేళ్ళు వచ్చి మళ్ళీ చిన్నపిల్లనయ్యాను. కానీ గోడ వైపు తిరిగి పడుకున్నప్పుడు ఒకటే ఆలోచన. ఈ బిడ్డ కూడా దక్కకపోతే నేను మాచర్ల రాలేనండీ. ఆ గుమ్మం ఇంకోసారి ఒట్టి చేతులతో ఎక్కలేను. మీరు ఏమనుకున్నా సరే, ఇక్కడే ఉండిపోతాను.

అందుకని నేను అడిగేది ఒక్కటే. నిష్ఠలు తప్పకండి. మిగతావాటి కన్నా శవం సంగతి అమ్మ గట్టిగా చెబుతోంది. "కడుపుతో ఉన్నదాని మొగుడు పాడె మోస్తే ఆ బరువు బిడ్డ మీద పడుద్దే" అంటుంది. అది నిజమో కాదో నాకు తెలియదు. నిజమో కాదో చూద్దామనే ధైర్యం మాత్రం నాకు లేదు.

హన్నమ్మ అక్కను ఒక మాట అడిగి రాయండి. బిడ్డ ఎప్పుడూ కుడివైపే తంతోంది. అది మంచిదేనా? అమ్మ మంచిదే అంటుంది. అయినా ఆమె చెబితేనే నాకు నిద్ర పడుతుంది.

నాగరత్నం

~

మాచర్ల,
జూలై 1983.

నాగరత్నానికి,

నీ ఉత్తరం హన్నమ్మక్కకు చదివి వినిపించాను. ఆమె అన్నది అన్నట్టుగా రాస్తున్నాను, నామీద కోపం తెచ్చుకోకు.

"ఏమే మొద్దూ, కుడేంది ఎడమేంది. అది బిడ్డా, బస్సు డ్రైవరా సైడు చూసుకోను. తన్నుతా ఉందా లేదా? తన్నటం ఆగితే అప్పుడు భయపడు. అప్పటిదాకా నోరు మూసుకుని ఇంత తిని పడుకో." ఇంకా చానా అంది. ఉత్తరంలో రాయదగ్గవి కావని ఇంతటితో ఆపుతున్నాను.

నువ్వు చెప్పావని ఎవరికీ చెప్పడం మానేశాను. చాలా కష్టంగా ఉంది. ఈ రోజు ఒక ముసలామె తనంతట తానే, "మీ ఆవిడ ఎట్టా ఉంది బాబూ" అని అడిగింది. నేను తల పక్కకు తిప్పుకుని బియ్యప్పిండి జల్లించాను. ఆమె నాకు చెవుడు వచ్చిందనుకుని మళ్ళీ గట్టిగా అడిగింది.

నా పంచె చింపి బిడ్డను చుట్టడం నేర్చుకుంటున్నాను. నాలుగు మూలలు ఎట్లా మడవాలో తెలిసింది. వాన వచ్చినప్పుడు మర ఆపేసి అరుగు మీద కూర్చుని అదే పని. బిడ్డకు నా ముక్కు రాకూడదని మొక్కుకున్నాను, నీ ముక్కే రావాలి.

ఇక్కడ వానలు ఆగడం లేదు. హన్నమ్మక్క ఇల్లు కురుస్తోంది. దగ్గుతోంది. కషాయం పెట్టి ఇస్తే, "నీ కషాయం తాగేకన్నా దగ్గే నయంరా" అంది. తాగింది మాత్రం.

బాలకోటయ్య

~

మాచర్ల,
ఆగస్టు 1983.

చిరంజీవి రామబ్రహ్మానికి,

ఈ ఉత్తరం ఇంటికి కాకుండా మీ స్కూలుకు రాస్తున్నాను. చదివి చించెయ్యి. మీ అక్క కంట పడకూడదు.

హన్నమ్మ చనిపోయింది. దగ్గు ముదిరి నెమ్ము చేసింది. ఆసుపత్రిలో చేర్చాను. తను పనిచేసిన వార్డులోనే పడుకుని, నర్సుల్ని తిడుతూనే ఉంది. ఆదివారం వాళ్ళ గుడి గంట వినపడే వేళకు పోయింది. ఆమెకు నా అనే వాళ్ళు లేరు.

చెప్పాల్సింది అది కాదు. శవపెట్టె లేపేటప్పుడు వాన జోరుగా ఉంది. వాళ్ళ పేట నుంచి మనుషులు వచ్చారు. మొయ్యడానికి కొరత లేదు. నేను మన అరుగు మీద చూరు కింద నిలబడ్డాను. అత్తయ్య మాట గుర్తుంది, మీ అక్క రాసింది గుర్తుంది. జహంగీరు నా చెయ్యి పట్టుకున్నాడు. "మామా, నువ్వొద్దు. మీ ఆవిడ కడుపుతో ఉంది" అన్నాడు. సాయిబుల పిల్లవాడు, మన పట్టింపు నాకంటే వాడికే గుర్తుంది. పెట్టె మన గుమ్మం దాటి పోతోంది. ఎట్లా విదిలించుకున్నానో తెలియదు, వెళ్ళి ముందువైపు భుజం పెట్టాను. అక్కడ ఉన్నతను పక్కకు తప్పుకున్నాడు. సమాధుల దొడ్డి దాకా మోశాను.

ఎందుకు చేశావని నన్ను అడగకు. అది నాకు, మీ అక్కకు, ఆ చనిపోయిన మనిషికి మధ్య ఉన్న సంగతి.

తలస్నానం చేశాను. తడిబట్టలతో చాలాసేపు కూర్చున్నాను. ఇప్పుడు భుజం మీద కండువా వేసుకోవాలన్నా భయంగా ఉంది. మీ అక్క నన్ను ఒక్కటే అడిగింది రామబ్రహ్మం. ఆ ఒక్కటే నేను చెయ్యలేకపోయాను. చెబితే ఆమెకు ఏమవుతుందో, చెప్పకపోతే నాకు ఏమవుతుందో తెలియడం లేదు. నువ్వు చదువుకున్నవాడివి, ఏం చెయ్యమంటావో రాయి.

బాలకోటయ్య

~

ముప్పాళ్ళ,
ఆగస్టు 1983.

బావగారికి నమస్కారాలు.

ఉత్తరం చించేశాను. మీరు ఎవరికీ ఏమీ చెప్పవద్దు. అమ్మకు తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది.

నాకు ఈ పట్టింపుల మీద నమ్మకం లేదు. అక్కకు ఉంది. నమ్మకం ఉన్న మనిషికి భయం కూడా నిజమే కదా. ఆమె రోజూ హన్నమ్మ గారి పేరు తలుచుకోకుండా అన్నం తినదు. మా ఆవిడ ఏదైనా చెబితే, హన్నమ్మ అక్క అట్లా అనదు అంటుంది. అందుకని పురుడు అయ్యేదాకా హన్నమ్మ గారు బతికే ఉండాలి. ఆమె చెప్పినట్టుగా మీరే నాలుగు మాటలు రాయండి. తప్పయితే ఆ తప్పు నాది.

మీరు వేళకు తింటున్నారా?

రామబ్రహ్మం

~

మాచర్ల,
ఆగస్టు 1983.

నాగరత్నానికి,

నేను బాగున్నాను. హన్నమ్మక్క కూడా బాగుంది. దగ్గు తగ్గింది. నిన్ను అడిగినట్టు రాయమంది.

"నాగరత్నం తల్లీ, నీ ఒంట్లో ఎట్లా ఉందమ్మా? నువ్వు భయపడకు. నీలాంటి మంచి మనిషికి దేవుడు అన్యాయం చేయడు. నువ్వు ఇంట్లో లేకపోతే వీధికే కళ లేదు. నీ చేతి దీపం లేక గూడు చీకటిగా ఉంది. వేళకు తిను, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చు. ఎప్పుడైనా దిగులేస్తే ఇక్కడ నీ కోసం ఎదురు చూసే వాళ్ళు ఉన్నారని గుర్తు చేసుకో." ఇట్లా చెప్పింది.

అన్నం నేనే వండుకుంటున్నాను. ఆమెకు శ్రమ ఇవ్వడం ఎందుకని. ఈ మధ్య ఆమె ఎక్కువ మాట్లాడటం లేదు. సాయంత్రం మర ఆపేశాక చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. జహంగీరు వచ్చి కాసేపు కూర్చుంటాడు. ఇద్దరం వాన చూస్తాము.

బిడ్డ తన్నుతోందా?

బాలకోటయ్య

~

ముప్పాళ్ళ,
సెప్టెంబరు 1983.

ఏమండీ,

హన్నమ్మ అక్క మాటలు రెండుసార్లు చదివాను. దాచుకున్నాను.

ఇప్పుడు రాసేది అక్కకు వినిపించండి. నా కాళ్ళు వాచాయి. మొదట పాదాలే అనుకున్నాను, ఇప్పుడు చేతులు, ముఖం కూడా. గాజులు బిగిశాయి. అమ్మ నీరు పట్టిందని పల్లేరుకాయల కషాయం కాచి ఇస్తోంది. మొదటి చూలు ఆలస్యమైతే ఇట్లాగే ఉంటుందంటుంది. మొదటి చూలు కాదని అమ్మకూ తెలుసు, కానీ అట్లాగే అంటుంది.

మూడు రోజుల నుంచి తలనొప్పి తగ్గడం లేదు. నిన్న బియ్యం ఏరుతుంటే కళ్ళ ముందు నిప్పురవ్వలు లేచినట్టయింది. చాట కింద పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే మరదలు ఆసుపత్రి అంటుంది, అమ్మ వద్దంటుంది, ఇద్దరికీ మాట వస్తుంది. ఈ నెలలో కడుపుతో ఉన్న మనిషి ప్రయాణం చేయకూడదని అమ్మ పట్టుదల.

హన్నమ్మ అక్క ఏమంటే అదే చేస్తాను. త్వరగా రాయండి.

బిడ్డ తన్నుతోంది. ముందంత గట్టిగా కాదు.

నాగరత్నం

~

మాచర్ల,
సెప్టెంబరు 1983.

నాగరత్నానికి,

నీ ఉత్తరం అందిన వెంటనే మర కట్టేసి పరుగెత్తాను. రామబ్రహ్మానికి టెలిగ్రాం ఇచ్చాను. "హన్నమ్మ చెప్పింది, అక్కను ఇప్పుడే గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపో" అని. ఈ ఉత్తరం వచ్చేలోగా నువ్వు అక్కడ ఉండాలి. లేకపోతే ఇది చదవడం ఆపి బయలుదేరు.

హన్నమ్మక్క నీ సంగతి విని లేచి కూర్చుంది. "తల్లీ, ఒక్క పూట కూడా ఆగవద్దు. ఇది నీరు కాదు. రక్తపోటు. తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం. మీ అమ్మకు కోపం వస్తే నా పేరు చెప్పు. నా మాట కాదనకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను, వెళ్ళు. నువ్వు లేకపోతే ఆ ఇల్లు ఏమవుతుంది." ఇదే చెప్పింది. అక్కతో పాటు ఆసుపత్రిలో గ్రేసమ్మ నర్సును కూడా అడిగాను. నీ ఉత్తరం చివరిదాకా చదవకుండానే ఆమె కూడా అదే మాట అంది. కుర్చీలోంచి లేచి అంది.

టెలిగ్రాం ఇచ్చి నేరుగా స్టేషనుకు వెళ్ళాను. గుంటూరు బండి నిలబడి ఉంది. తలుపు కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. గార్డు ఎక్కుతావా లేదా అని అడిగాడు. ఎక్కలేకపోయాను. ఎందుకో తర్వాత చెబుతాను.

నువ్వు వెళ్ళు. అక్క చెప్పింది.

బాలకోటయ్య

~

గుంటూరు,
సెప్టెంబరు 1983.

బావగారికి,

ఆడపిల్ల. అక్క క్షేమం. ముందు ఈ రెండు మాటలు చదువుకుని కూర్చోండి, మిగతావి తర్వాత.

టెలిగ్రాం స్కూలుకే వచ్చింది. ఇంటికి తీసుకెళ్ళి గట్టిగా చదివాను. అమ్మ గుమ్మానికి అడ్డం కూర్చుంది. ఈ నెలలో పొలిమేర దాటితే నా శవాన్ని దాటినట్టే అంది. నేను బతిమాలుతుంటే అక్కే లేచి, "హన్నమ్మ అక్క చెప్పిందమ్మా, నేను పోతున్నా" అని చెప్పులు వేసుకుంది. అక్క అమ్మకు ఎదురు చెప్పడం నేను చూడటం అదే మొదలు.

ఇంకొక్క పూట ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవని డాక్టరమ్మ అంది. ఆపరేషను చేశారు. పాప చిన్నది, నా చేతిలో ఇమిడిపోయేంత. గాజు పెట్టెలో లైటు కింద ఉంచారు. ఏడుపు మాత్రం వార్డంతా వినపడుతోంది. అక్క ఇంకా లేవడం లేదు, మాట్లాడుతోంది.

మీరు రండి. అమ్మ ఏమన్నా నేను చూసుకుంటాను.

రామబ్రహ్మం

~

మాచర్ల,
సెప్టెంబరు 1983.

నాగరత్నానికి,

మీ తమ్ముడి ఉత్తరం చదివి ఏం చేశానో నాకు సరిగా తెలియదు. మర ముందు నిలబడి ఉన్న వాళ్ళందరికీ చెప్పానట. పిండి పట్టినందుకు ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదట. జహంగీరు దారిన పోయే సైకిళ్ళను ఆపి చక్కెర పెట్టాడు. ఆడపిల్ల. నాగరత్నం, మనకు ఆడపిల్ల. ఈ మాట ఎన్నిసార్లు రాసినా చెయ్యి నొప్పి పుట్టదు.

అయినా నేను బయలుదేరి రాలేదు. నువ్వు ఆశ్చర్యపడి ఉంటావు. ఆ రోజు బండి ఎక్కలేకపోయిందీ ఇందుకే, ఒక సంగతి చెప్పకుండా వచ్చి నీకు ఎదురుపడలేను, పాపను ముట్టుకోలేను. చెప్పిన తర్వాత నువ్వు రమ్మంటే వస్తాను, వద్దంటే రాను.

హన్నమ్మక్క లేదు. వానల్లో పోయింది. ఆమె పెట్టె నేను మోశాను. ఆ తర్వాత ఆమె చెప్పిందని రాసినవన్నీ నేనే రాశాను. ఆసుపత్రికి పొమ్మన్నది గ్రేసమ్మ. నేను హన్నమ్మక్క పేరు పెట్టాను, నువ్వు నా మాట వినవేమోనని.

నువ్వు వద్దన్న పని ఎందుకు చేశానో చెబుతాను. పోయిన మన ముగ్గురు బిడ్డల్నీ ఎవరు తీసుకెళ్ళారో నీకు తెలుసు. అప్పుడు నీకు స్పృహ లేదు, పక్క మీద ఉన్నావు. మూడుసార్లూ హన్నమ్మక్కే పాత చీరలో చుట్టి, రెండు చేతుల మీద పెట్టుకుని మన గుమ్మం దిగింది. నేను వెంట వస్తానంటే, "నువ్వు రాకురా, చూస్తే మరిచిపోలేవు" అంది. నేను లోపలికి పోయి మర వేసుకున్నాను. ఎక్కడ పెట్టావని నేను అడగలేదు, నువ్వూ అడగలేదు. ఆమె పెట్టె అదే గుమ్మం ముందు నుంచి పోతుంటే అరుగు మీద నిలబడలేకపోయాను.

చంద్రవంక వాగు అవతల వాళ్ళ సమాధుల దొడ్డి ఉంది. అక్కడ గుంట తవ్విన చోటు పక్కన మూడు చిన్న నాపరాళ్ళు పాతి ఉన్నాయి. సున్నం వేసి ఉన్నాయి. ఎవరివని అడిగాను. ఫాదరు గారు చెప్పారు, "హన్నమ్మ ప్రతి క్రిస్మస్‌కూ వచ్చి సున్నం వేసుకునేది. ఎవరి బిడ్డలమ్మా అంటే, మా పక్కింటోళ్ళు నా దగ్గర దాచారయ్యా అనేది. తనను వాళ్ళ పక్కనే పెట్టమని చెప్పి ఉంచింది" అని.

ఇన్నేళ్ళూ వాళ్ళు ఒంటరిగా ఎక్కడో ఉన్నారనుకున్నాను.

నీకు బాధ కలిగించాను. నీ నిష్ఠ తప్పాను. పాపకు ఏమీ కాకపోవడం నా గొప్ప కాదు. నువ్వు ఏమి రాసినా సరే.

బాలకోటయ్య

~

ముప్పాళ్ళ,
అక్టోబరు 1983.

ఏమండీ,

మొన్న పాపను తీసుకుని ఇంటికి వచ్చాము. ఇప్పుడు పాలు తాగుతోంది. ముక్కు మీదే. అరుపు కూడా మీదే.

హన్నమ్మ అక్క లేదని నాకు ముందే తెలుసు. ఎవరూ చెప్పలేదు. ఆగస్టులో మీరు రాసిన ఉత్తరం చదివితే తెలిసింది. ఆమె నన్ను ఏనాడూ తల్లీ అని పిలవలేదండీ. ఏమే మొద్దూ అనకుండా నాతో ఒక్క మాట మొదలుపెట్టలేదు. దీపం లేక గూడు చీకటిగా ఉందని ఆమె ఎందుకంటుంది. అట్లా అంటే ఆమెను ఆమే వెక్కిరించుకునేది. ఉత్తరం పట్టుకుని గడ్డివాము వెనక్కి పోయి కూర్చున్నాను. అమ్మ వెతుక్కుంటూ వచ్చింది, పొగ కళ్ళలో పడిందన్నాను. అక్కడ పొగ లేదు.

తెలిసిపోయిందని మీకు రాద్దామనుకున్నాను. రాస్తే మీరు ఆ మాటలు రాయడం మానేస్తారు. మీ ఉత్తరాల్లో ఎప్పుడూ బిడ్డ ఉండేది. బిడ్డ ముక్కు, బిడ్డ తన్నడం, బిడ్డ జాగ్రత్త. నీ ఒంట్లో ఎట్లా ఉందని నన్ను అడిగింది ఆ చనిపోయిన మనిషి పేరు మీదే. ఇన్నేళ్ళలో మీరు నాతో అట్లా మాట్లాడలేదు. ఆమె పేరు మీద అయినా సరే, ఇంకొంచెం వినాలనిపించింది. నా ఒంట్లో బాగాలేదని రాసింది కూడా ఆమెకు కాదు. మీకే రాశాను.

టెలిగ్రాం తమ్ముడు చదివినప్పుడు హన్నమ్మ అక్క చెప్పిందని అమ్మతో అన్నాను. లేదని తెలిసే అన్నాను. మీరు ఎంత భయపడితే ఆమెను లేపి కూర్చోబెట్టారో అనుకున్నాను. అందుకే చెప్పులు వేసుకున్నాను.

మోసిన సంగతి మాత్రం నాకు తెలియదు. మీ ఉత్తరం చదివి చాలాసేపు పాప వైపు చూస్తూ కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, ముందు భయమే వేసింది. తర్వాత మూడు రాళ్ళ సంగతి మళ్ళీ చదివాను. మీరు అరుగు మీద నిలబడి, ఆమెను వేరే వాళ్ళు మోసుకుపోయారని రాసి ఉంటే నేను ఆ ఇంటికి వచ్చేదాన్ని కాదు. పాప చేతిలో ఉన్నా వచ్చేదాన్ని కాదు.

అమ్మకు నేనే చెప్పాను. అమ్మ ముఖం తిప్పుకుంది. మధ్యాహ్నం పాపకు నీళ్ళు పోస్తూ పోస్తూ, "మా అమ్మ చెప్పింది, నీకు చెప్పా. మా అమ్మకు ఈ హన్నమ్మ తెలవదు గదా" అంది. సాయంత్రం, "ఆ మనిషిని రమ్మనవే. ఎన్నాళ్ళని ఒక్కడే పడుంటాడు ఆడ" అంది.

రండి.

నాగరత్నం

~

మాచర్ల,
అక్టోబరు 1983.

నాగరత్నానికి,

రేపు పొద్దున బండికి వస్తున్నాను. సత్తెనపల్లిలో దిగి బస్సు పట్టుకుంటాను. ఈ ఉత్తరం నా కంటే వెనక రావచ్చు. అయినా రాస్తున్నాను, ఎదురుగా నిలబడితే ఈ మాటలు నా నోట రావు.

ఈ రోజు మర తెరవలేదు. చంద్రవంక దాటి వెళ్ళాను. హన్నమ్మక్క మీద మట్టి వానకు కుంగింది, సర్ది వచ్చాను. ఆ ముగ్గురికీ చెల్లెలు పుట్టిందని చెప్పాను. అక్కడ మనిషి లేడు. గట్టిగానే చెప్పాను.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. నువ్వు రాసింది నిజం. ఎదుటివాళ్ళకు చెప్పడానికి నాకు చానా మాటలు ఉన్నాయి, నీకు చెప్పడానికి ఇంకొకరి నోరు కావలసి వచ్చింది. ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి నువ్వు ఎంత ఒంటరిగా ఉన్నావో, నువ్వు లేని ఈ ఇంట్లో ఇప్పుడు తెలుస్తోంది.

నాగరత్నం, నీ ఒంట్లో ఎట్లా ఉంది? కుట్లు మానాయా, తలనొప్పి తగ్గిందా, రాత్రి నిద్ర పడుతోందా? ఇది ఎవరూ అడగమన్నది కాదు. నేనే అడుగుతున్నాను.

నీ
బాలకోటయ్య